చిన్నత్త వెంట పంపిన నాచు

మా వీధికి వారానికొకసారి దోమల పిల్ల వస్తుంది. ఆ పేరు నేను పెట్టిందే. మున్సిపాలిటీ వాళ్ళు పంపే పిల్ల. ఇంటింటికీ తిరిగి తొట్లలో, డ్రమ్ముల్లో, పూలకుండీల కింద పళ్ళేల్లో టార్చిలైటు వేసి దోమ పురుగులు ఉన్నాయేమో చూస్తుంది. ఉంటే నీళ్ళు ఒలకబోయిస్తుంది. లేకపోయినా ఒలకబొయ్యమని ఒక మాట చెప్పి పక్కింటికి పోతుంది. కోవిల్‌పట్టి ఎండలో పొద్దుటినుంచీ తిరిగి తిరిగి దాని ముఖం వాడిపోయి ఉంటుంది కాబట్టి నేను మజ్జిగ ఇస్తాను, నిలబడే తాగుతుంది.

పోయిన వారం అది మా పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర ఆగిపోయింది. లైటు వేసి చూసి, ఇంత పాసి పట్టేదాకా ఊరుకున్నావేం పాట్టీ అని అరవంలో అడిగింది. పాట్టీ అంటే అవ్వ. వచ్చే వారానికి తొట్టి ఖాళీ చేసి ఎండబెట్టి ఉంచమంది. నా కోడలు వంటింట్లోంచి తల బయటపెట్టి, నేను చెప్తే వినరు, మీరైనా గట్టిగా చెప్పండి అంది. నేను సరే అన్నాను. ఈ వయసులో సరే అనడం చాలా సుఖం. అనేస్తే అందరూ వాళ్ళ పనుల్లోకి పోతారు.

వాళ్ళిద్దరూ పోయాక తొట్టి గట్టు మీద కూర్చుని లోపలికి చూశాను. ఇంట్లో మేం మాట్లాడుకునే తెలుగులో దీన్ని పాసి అంటాం. బండల మీద జారే పాచి వేరు, ఇది వేరు. ఇది అడుగున బురదలో వేరు పట్టి, నీళ్ళు ఎటు పారితే అటు వాలి పెరిగే నాచు. కాడా దారమే, ఆకూ దారమే. పైకి తీస్తే తడిగుడ్డ పీలికలా చేతికి అంటుకుపోతుంది, మళ్ళీ నీళ్ళలో వదిలితే ఏమీ జరగనట్టు విప్పుకుంటుంది. దీనికొక వాసన ఉంది. కొత్త కుండలో నీళ్ళు పోస్తే వచ్చే వాసనకు కాస్త చేపల వాసన కలిపినట్టు ఉంటుంది. ఒకప్పుడు ఆ వాసన తగిలితే నా లోపల ఏదో కదిలేది. ఇప్పుడు వాసన తెలుస్తుంది, దాని వెనక ఏమీ రాదు. చాలా ఏళ్ళుగా నాకు అంతే. మంచి కబురు విన్నా, చెడ్డ కబురు విన్నా, అవునా అంటాను.

నేను పుట్టిన ఊరు నల్లరేగడి నేల. ఎన్ని బావులు తవ్వినా ఉప్పునీళ్ళే. బట్టలుతికితే సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. తాగేదానికీ వండుకునేదానికీ ఊరి పడమట పారే ఏరే దిక్కు. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలకు ఎర్రగా వచ్చి, తేటపడి, సంక్రాంతి వచ్చే తై నెల దాటేదాకా పారేది. తరువాత పారడం మానేసి మడుగులు మడుగులుగా తెగిపోయేది. ఏ మడుగులో పాసి పచ్చగా ఉందో ఆ మడుగులో నీళ్ళు తేటగా ఉంటాయి. ఆడవాళ్ళు దాన్ని చూసే బిందె ముంచేవాళ్ళు. పాసి తెగకుండా ఆకును చేత్తో పక్కకు తోసి, బిందె మూతి వంచి, చప్పుడు లేకుండా ముంచాలి. గుబగుబమని ముంచితే అవ్వ వెనకనుంచి వీపు మీద ఒకటి వేసేది.

ఇంట్లో తాత, అవ్వ, నాయన, అమ్మ, చిన్నత్త, నేను. తాతకు పత్తి చేను, సద్ద చేను ఉండేవి కానీ అవి వాన దయ మీద పండేవి. అందుకని అమ్మ అగ్గిపెట్టెల కంపెనీకి పోయేది. కోడి కూసేముందే కంపెనీ బండి వచ్చి ఊరి మొదట హారన్ కొట్టేది, చీకటి పడ్డాక దింపేది. అమ్మ చేతులకు ఎప్పుడూ గంధకం వాసన. ఆ చేత్తో అన్నం కలిపి పెడితే నేను ముఖం తిప్పుకునేదాన్ని. అమ్మ పళ్ళెం చిన్నత్త వైపు జరిపేది. నన్ను పెంచింది చిన్నత్తే. తల దువ్వడం, సద్దసంగటి ముద్దకు గుంట చేసి అందులో పులుసు పొయ్యడం, జ్వరమొస్తే పక్కన పడుకోవడం, అన్నీ ఆమె. మా నాయన ఆఖరి చెల్లెలు. నోటికి హద్దు లేదు, కాళ్ళకు అంతకన్నా లేదు.

దొంగతనాలు కూడా నాకు ఆమే నేర్పింది. పెద్దవాళ్ళు పగలు నిద్రపోతే, ఉట్టి మీది తాటిబెల్లం, అదే కరుప్పట్టి, ముక్క విరిచి నా నోట్లో ఒకటి, తన నోట్లో ఒకటి వేసేది. నాయన కోవిల్‌పట్టి నుంచి తెచ్చిన వేరుశనగ కడలమిట్టాయి పొట్లంలో మధ్య ముక్కలు తీసి, పై ముక్కలు మళ్ళీ సర్ది పెట్టేది. ఎండాకాలంలో ఏరు ఎండితే మా ఇద్దరికీ పండగ. పగిలిన బురద పెళ్ళలు ఎత్తి చూస్తే కింద తడిలో పాసి వేళ్ళకు చిన్న చిన్న గడ్డలు ఉండేవి. శనగగింజంత ఉంటాయేమో. పాసి పైన చచ్చిపోయినా ఆ గడ్డలు కింద బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళొస్తే మొలుస్తాయి. మేం వాటిని ఏరుకుని, పగిలిన పెంకు మీద వేసి తాటాకుల మంట పెట్టి, ఉప్పు చల్లుకుని తినేవాళ్ళం. కాల్చిన చిలగడదుంపకు చివర మాడిన తోక ఉంటుందే, ఆ రుచి. ఒకసారి అవ్వ పట్టుకుంది. కొట్టలేదు. మీరు తినేది గడ్డలు కాదు, ఏటి కండ్లు అని మాత్రం చెప్పింది. అవి లేకపోతే ఏరు మళ్ళీ ఏ కండ్లతో చూస్తుంది అని అడిగింది. చిన్నత్త ఆ పూట నోరు మూసుకుంది. మరుసటి రోజు మళ్ళీ తిన్నాం.

ఆ పాసితో మావాళ్ళకు ఒక ఆచారం ఉండేది. ఇప్పుడెవరికైనా చెబితే నవ్వుతారు. అత్తగారింటికి పోయే పెళ్ళికూతురు పుట్టింటి ఏట్లోంచి గుప్పెడు పాసి తడిగుడ్డలో చుట్టుకుని పోవాలి. అక్కడి ముసలమ్మలు ఆమెను తమ ఏటికి తీసుకుపోతారు. మోకాలి లోతులో నిలబడి ఆమె ఆ పాసిని అడుగు బురదలో కాలి బొటనవేలితో నొక్కి నాటాలి. అప్పుడే ఆమె ఆ నీళ్ళలో బిందె ముంచవచ్చు. పాసి వేరు పట్టి పెరిగితే పిల్ల నిలిచింది అంటారు. నాటకుండా వచ్చిన పిల్ల నీళ్ళు తెచ్చుకోకూడదు. ఎవరో ఒకరు పొయ్యాలి, చుట్టానికి పోసినట్టు. మా అవ్వ తెచ్చిన పాసి మా ఏట్లో ఫలానా మడుగులో ఉందని చూపించేది. మా అమ్మ తెచ్చింది ఆ పక్కన. నాకు రెండూ ఒకేలా కనిపించేవి. అవ్వ మాత్రం ఇది నాది, ఇది మీ అమ్మది అని వేలు పెట్టి చూపేది. అమ్మ దగ్గరున్నప్పుడు తనదే ఎక్కువ పెరిగిందని కూడా అనేది.

చిన్నత్త పెళ్ళి నడి ఎండాకాలంలో, వైకాసి నెలలో వచ్చిపడింది. మామూలుగా మావాళ్ళు ఏట్లో నీళ్ళుండగానే తై మాసి నెలల్లో పెళ్ళిళ్ళు ముగించుకునేవాళ్ళు. ఈ సంబంధం శ్రీవిల్లిపుత్తూరు దగ్గర ఊరిది. కొండల నీళ్ళు పారే ఏరు, వరి పండే పొలం. చూడటానికి వచ్చినప్పుడు ఆకుల్లో కట్టిన పాల్కోవా తెచ్చారు. నేను ఆ ఆకులను కూడా నాకాను. పిల్లవాడి నాయనమ్మకు ఒంట్లో బాగాలేదు, ఆమె కళ్ళ ముందు పెళ్ళి జరగాలని తొందర చేశారు. ఆ ఏడు ఐప్పసి వానలు సరిగా పడలేదు. మాసిలోనే ఏరు ఎండిపోయింది, ఆ తరువాతి పంగుణిలో ఆఖరి మడుగూ పోయింది. ఊరంతా దూరంగా ఉన్న తోటబావినుంచి బండ్ల మీద నీళ్ళు తెచ్చుకుంటోంది. గుప్పెడు కాదు కదా, పోగు పాసి కూడా లేదు.

అవ్వ ఒకే మాట మీద నిలబడింది.

"పాసి లేకుండా పిల్లని పంపేది లేదు. వానలు పడనీ."

"వానలు పడేదాకా వాళ్ళు మనకోసం కూకోనుంటారా? ఇంకొకరి ఇంటికి పోతారు" అన్నాడు తాత.

ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అన్నం కావాలంటే నాచేత కబురు పంపించుకునేవాళ్ళు. చిన్నత్తకు ఆ సంబంధం ఇష్టం. ఆమె నాతో చెప్పలేదు, కానీ రాత్రి తల దువ్వేటప్పుడు, పారే ఏట్లో రోజూ స్నానం చేస్తే జుట్టు ఎంత పెరుగుతుందో అని ఒకటికి రెండుసార్లు అంది. అంతకన్నా ఎక్కువ భయపడుతోంది కూడా. మా ఊళ్ళో ఒక కోడలు అట్లా పాసి లేకుండా వచ్చింది. పిల్లలు పుట్టినా ఆమెను బయటి మనిషి అనే అనేవాళ్ళు. ఆమె బిందె ఎప్పుడూ గట్టు మీదే ఉండేది, ఎవరో నింపితే ఎత్తుకుపోయేది. చిన్నత్త చిన్నప్పుడు ఆమెను వెక్కిరించినవాళ్ళలో ఒకతి.

తాత ఆలంగుళం వైపు చుట్టాలను పిలవడానికి పోయి, మూడోనాడు తడి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సంచి విప్పితే లోపల పచ్చగా, బలంగా, ఒక కట్ట నాచు. ఆ పక్క సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంటల్లో ఎండాకాలం కూడా నీళ్ళు ఉంటాయట. గుంట నిండా ఇదేనట. లోపలికి దిగి కొడవలితో కోసుకొచ్చానని తాత చెప్పాడు. అవ్వ దగ్గరికి వచ్చి ఒక కాడ తీసింది. ఇది దారం కాదు. కాడ చుట్టూ పొట్టి ఆకులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మన ఏటిది కాదు. వాసనే లేదు దీనికి."

"పాసి పాసే. ఆడోళ్ళు దాన్ని ముక్కుతో సూస్తారా ఏంది?"

అవ్వ ఆ కాడను మళ్ళీ సంచిలో వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. వద్దని అనలేదు. సరేననీ అనలేదు. చిన్నత్త తలుపు వెనక నిలబడి అంతా విన్నది. ఆ సాయంత్రం ఆమె కరుప్పట్టి దొంగిలించలేదు.

నేను ఏటికి పోయాను. ఎవరూ చెప్పలేదు. ఎండలో పగిలిన బురద కాళ్ళకు గుచ్చుకుంటోంది. మేం తినగా మిగిలిన గడ్డలు ఏమైనా ఉంటాయా అని ఆఖరి మడుగు ఉన్నచోట పెళ్ళలు ఎత్తి ఎత్తి చూశాను. పైన అన్నీ ఎండి ఉత్త పొట్టు. చెయ్యి మోచేతిదాకా పోయేంత లోతున తడి తగిలింది. గుప్పెటకు సగం దొరికాయి. ఇంటికొచ్చి బురదతోనే చిన్నత్త ఒళ్ళో పోశాను. తినేదానికా అని అడిగింది. కాదు, నాటేదానికి అన్నాను. ఆమె వాటిని తడిగుడ్డ పీలికలో చుట్టి, పెళ్ళి చీర కొంగు చివర ముడి వేసుకుంది. పచ్చటి నాచు పళ్ళెంలో అందరికీ కనిపించేలా పోయింది, ఏటి కండ్లు ఎవరికీ తెలియకుండా పోయాయి.

నేనూ పెళ్ళివాళ్ళ బండిలో పోయాను. అక్కడి ఏరు పారుతూనే ఉంది. వైకాసిలో పారే నీళ్ళు నేను అంతకుముందు చూడలేదు. చిన్నత్త మోకాలి లోతులో నిలబడి తాత తెచ్చిన నాచును బొటనవేలితో నొక్కింది. అక్కడి ముసలమ్మలు ఇంత బలమైన పాసిని తామెప్పుడూ చూడలేదని మెచ్చుకున్నారు. జబ్బుగా ఉన్న పిల్లవాడి నాయనమ్మను కూడా మంచం మీద మోసుకొచ్చి చూపించారు. తాత మీసం సవరించుకున్నాడు. అవ్వ నీళ్ళ వైపు చూడలేదు. తిరుగు ప్రయాణంలో విరుదునగరంలో ఆగి తాత మాకందరికీ నూనెలో వేయించిన పరోటా కొనిపెట్టాడు. చిన్నత్త లేదని నాకు అక్కడ, పరోటా నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. వెక్కి వెక్కి ఏడ్చాను. అట్లా ఏడవటం నాకు బాగా జ్ఞాపకం, ఎందుకంటే ఆ తరువాత అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

ఏడాది తిరిగేసరికి కబురు వచ్చింది. పిల్ల బాగా నిలిచింది, పాసి బారెడు పెరిగింది అని. తాత ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు. రెండో ఏడు పాసి రేవంతా నిండిందని కబురు. మూడో ఏడు కబుర్లు రావడం మానేశాయి.

బడి సెలవులకు నన్ను పంపినప్పుడు చూశాను. గట్టునుంచి గట్టుదాకా నాచే. నీళ్ళు దాని కింద ఎక్కడో ఉన్నాయి. పొలాలకు పోయే కాలవ పూడిపోయింది. బర్రెలు దిగడం లేదు. బిందె ముంచితే సగం నీళ్ళు, సగం ఆకు. తాత తెచ్చింది గుంటలో నిలవనీళ్ళకు బలిసిన రకం, దాన్ని పారే నీళ్ళలో వేస్తే ఏమవుతుందో మావాళ్ళెవరికీ తెలియదు. ఊరివాళ్ళు కూడిన చోట చిన్నత్త అత్తగారు ఒకటే అందట.

"తెచ్చినామె తియ్యాల."

చిన్నత్త తీసింది. మొదట్లో ఊరి ఆడవాళ్ళు కూడా సాయం దిగారు. తరువాత ఆమె ఒక్కతే. నడుం లోతు నీళ్ళలో నిలబడి, చేతులకు చుట్టుకుని లాగి, గట్టు మీదికి విసిరేది. లాగినప్పుడల్లా అది తెగేది, తెగిన ముక్కలు కిందికి కొట్టుకుపోయి, ఆగినచోట మళ్ళీ వేరు పట్టేవి. ఆమె ఎంత తీస్తే అంత దూరం పాకింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఇంకా గట్టిగా లాగేది.

నేను గట్టు మీద కూర్చుని, ఇది మన ఏటిది కాదని, తాత గుంటలోంచి తెచ్చాడని చెప్పెయ్యొచ్చు కదా అని అడిగాను. ఆమె లాగడం ఆపలేదు. చెబితే ఏమంటారు, పుట్టింటి పాసి లేకుండానే వచ్చిందంటారు, అప్పుడు నా బిందె గట్టు మీద పెడతారు అంది. ఇట్లా అయితే నీళ్ళలోనే కదా ఉండాను అని నవ్వింది. పళ్ళు చలికి టకటకమంటున్నాయి.

ఆ సాయంత్రం ఆమె నన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయింది. అక్కడొక పాత రాతితొట్టి ఉంది. చిల్లి పడిందని ఎవరూ వాడటంలేదు. ఆమె దానికి సున్నం మెత్తి నీళ్ళు పోసింది. లోపల సన్నగా, దారాల్లాగా, మా పాసి. నేను తవ్వి తెచ్చిన గడ్డలు మొలిచాయి. నేను వంగి వాసన చూశాను. ఆమె నా తల పట్టుకుని ముఖం నీళ్ళలో ముంచింది. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం. ఏట్లో వేస్తే బాగుండునని ఆమెకు ఉండేది. కానీ మా ఊరినుంచి వచ్చిన ఏ ఆకునైనా ఆ ఏటి దగ్గరికి తేనిచ్చేవాళ్ళు ఎవరున్నారు?

తాత ఒకసారి చూడటానికి పోయాడు. గట్టు మీద నిలబడి కూతురు లాగుతుండటం చూసి, వాళ్ళింటికి కూడా పోకుండా తిరుగు బస్సెక్కి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. వాళ్ళిద్దరి మధ్య నేను మోసిన కబుర్లలో ఈ కబురు ఒక్కటే లేదు.

తరువాత సంగతులు అందరి ఇళ్ళలో జరిగినట్టే జరిగాయి. ఊళ్ళోకి కొళాయి వచ్చింది. నా పెళ్ళికి పాసి అడిగినవాళ్ళు లేరు. అవ్వ అప్పటికి లేదు. ఏటి ఇసుక లారీల్లో పోయింది, సీమకరువేలం తుమ్మలు మొలిచి, వాటి మధ్య ప్లాస్టిక్ చేరింది. ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు మీద అక్కడొక వంతెన ఉంది. బస్సు దాని మీద పోయేటప్పుడు నేను కిటికీలోంచి చూస్తాను. కింద ఏరు లేదు. మొదటిసారి చూసినప్పుడు బాధ పడాలి అనుకున్నాను. ఏమీ రాలేదు. పక్క సీటామె వేరుశనక్కాయలు పెడితే తిన్నాను.

చిన్నత్తను ఆఖరిసారి చూడటానికి పోయినప్పుడు ఆమె వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భర్త పోయాడు. అత్తగారు ఎప్పుడో పోయింది. తియ్యమని చెప్పేవాళ్ళెవరూ మిగలలేదు, అయినా పోయిన ఏడుదాకా ఏట్లో దిగిందట. కొడుకు కోప్పడి మాన్పించాడు. ఆమె నాకు కాఫీ తేవడానికి లేచి, పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో ఎత్తింది. నేను అదిరిపడ్డాను. ఆమె తాపీగా గిన్నె దింపి వేళ్ళు చూపించింది. చివర్లు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. తెలివి లేదు వీటికి అంది. ఎన్నేళ్ళుగానో వేడీ తెలియదు, చలీ తెలియదు. నాకు చెయ్యెత్తి చూపించడానికి అట్లాంటివి ఏమీ లేవు. నా తిమ్మిరి వేళ్ళలో కాదు.

కాఫీ తాగాక కొట్టం వెనక్కి పోయాం. తొట్టి అట్లాగే ఉంది, పాసి పచ్చగా ఉంది. ఆమె అడుగు బురదలోకి చెయ్యి పెట్టి, వేళ్ళకు తెలియక కళ్ళు దించి వెతికి వెతికి, నాలుగు కాడలూ కాసిని గడ్డలూ తీసి నా టిఫిన్ డబ్బాలో వేసి నీళ్ళు పోసింది.

"నువ్వు తెచ్చిందే. నువ్వే తీసుకోనిపో. ఏట్లో మాత్రం ఎయ్యొద్దు పాపా. ఏస్తే తీసేదానికి నేనుండను."

ఏ ఏరు అత్తా, మనకు ఏరు యాడుంది అని నేను అడగలేదు. మా ఏరు పోయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు అర్థమయింది. సరే అన్నాను.

ఆమె పోయిన కబురు ఫోన్లో వచ్చింది. విరుదునగరంలో బస్సు మారి పోయాను. నోట్లో నీళ్ళు పొయ్యమన్నారు, పోశాను. అందరూ ఏడుస్తున్నారు, నేను ఆమె వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. కొట్టం పడగొట్టి కారు నిలిపే చోటు కట్టించాలని ఆమె మనవడు ఎవరితోనో అంటున్నాడు. రాతితొట్టిని అప్పటికే ఎత్తించేశారు. దాంట్లో నాచు ఏం చేశారని అడిగితే, ఏ నాచు అన్నాడు. ఇంటికొచ్చి మా తొట్టిలో చూశాను. నేను తెచ్చిన నాలుగు కాడలు తొట్టి సగం నిండాయి. ఇంకెక్కడా లేదు.

ఈ వారం దోమల పిల్ల వచ్చింది. తొట్టి ఎండబెట్టలేదని చూసి నిట్టూర్చింది. నేను ముందే మజ్జిగ చేతిలో పెట్టాను. అది తాగుతూ, ఇందులో అంత ఏముంది పాట్టీ అని అడిగింది. పెద్ద కథ అన్నాను. ఇది మా ఏరు అని కూడా అన్నాను. దానికి అర్థం కాలేదు, కాని నవ్వలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ పొట్లం తీసి, దోమ పురుగులు తినే చేపపిల్లలు కాసిని తొట్టిలో వదిలింది. ఇవి ఉంటే ఒలకబొయ్యనక్కరలేదు అంది. చేపలు దారాల మధ్యకు పోయి కనపడకుండా పోయాయి. మా ఏట్లోనూ ఇట్లాగే పోయేవి.

పోబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇది ఇట్లాగే పెరిగి తొట్టంతా నిండితే చేపలకు చోటుండదు కదా, అప్పుడెట్లా అని అరవంలో అడిగింది. వీధివాళ్ళతో నేనెప్పుడూ అరవమే మాట్లాడతాను. ఆ పూట నోట్లోంచి ఇంటిభాష వచ్చింది.

"తీసేదానికి నేనుండా కదా."

ఆ పిల్ల ఏమిటో అనుకుని తలూపి పక్కింటికి పోయింది. నేను రవిక చెయ్యి పైకి లాక్కుని, తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, చేపలకు దారి ఉండేలా కొంచెం పాసిని వేరుతో సహా, తెగకుండా, నెమ్మదిగా తీశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చేతికి తెలిసింది.